ఫోల్డర్ ఆన్ చేసినా ట్రిగ్గర్ ఎందుకు పనిచేయదు?

ప్రశ్న: నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. కేవలం అక్షరాలతో నడిచే మడ్ ఆటలను మడ్లెట్ అనే క్లయింటులో (ఆట సర్వరుకు కలిపే ప్రోగ్రాములో) ఆడుతూ, లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టులు రాసుకుంటున్నాను. పోరుకు సంబంధించిన ట్రిగ్గర్లు (ఆటలో ఫలానా వాక్యం కనబడగానే వాటంతటవే పనిచేసేవి), టైమర్లు (నిర్ణీత వ్యవధికొకసారి పనిచేసేవి) అన్నీ 'పోరు' అనే పేరుతో ఫోల్డర్లలో పెట్టి, పోరు మొదలవగానే ఆన్ చేసే ఎనేబుల్‌ట్రిగ్గర్, ముగియగానే ఆపే డిజేబుల్‌ట్రిగ్గర్ ఫంక్షన్లను పిలుస్తున్నాను. అయినా గాయపడినప్పుడు మందు తాగించే ట్రిగ్గర్ పలకడం లేదు. పైగా అయిదు సెకన్లకొకసారి దాడి చేసే ఆదేశం పోరు ముగిశాక కూడా వెళ్తూనే ఉంది. కారణం చెప్పగలరా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు. మడ్లెట్‌లో ఫోల్డర్‌కు ఒక స్థితి, అందులోని ప్రతి ట్రిగ్గర్‌కూ తనదైన స్థితి విడివిడిగా ఉంటాయి. రెండూ ఆన్‌లో ఉన్నప్పుడే ట్రిగ్గర్ పనిచేస్తుంది. ఫోల్డర్‌ను ఆపితే లోపలివన్నీ ఆగుతాయి గానీ, ఫోల్డర్‌ను తెరిచినంత మాత్రాన, అంతకుముందు విడిగా ఆపిన ట్రిగ్గర్ తిరిగి లేవదు. మందు ట్రిగ్గర్‌ను మీ స్క్రిప్టులో ఎక్కడో పేరుపెట్టి ఆపి ఉంటారు, లేదా ఎడిటర్‌లో దాని టిక్కు తీసేసి ఉంటారు. డిజేబుల్‌ట్రిగ్గర్ అదే పేరున్న ట్రిగ్గర్లన్నింటినీ ఆపుతుంది కనుక, 'మందు' అనే పేరుతో ప్రయాణానికి వేరొక ట్రిగ్గర్ రాసుకొని దానిని ఆపినా, పోరులోని 'మందు' కూడా ఆగిపోతుంది. 'పోరు_మందు', 'ప్రయాణం_మందు' అని పేర్లు విడదీయండి. సందేహం వచ్చినప్పుడు ఈజ్‌యాక్టివ్ అనే ఫంక్షన్‌కు ట్రిగ్గర్ పేరు, 'ట్రిగ్గర్' అనే రకం ఇచ్చి అడిగితే, ఆ పేరుతో ఎన్ని ఆన్‌లో ఉన్నాయో అది చెబుతుంది.

రెండవది టైమర్ పని. ఎనేబుల్‌ట్రిగ్గర్, డిజేబుల్‌ట్రిగ్గర్ ట్రిగ్గర్లనే చూస్తాయి. ఒకే పేరున్నా టైమర్ల ఫోల్డర్ జోలికి పోవు. దానికి ఎనేబుల్‌టైమర్, డిజేబుల్‌టైమర్ విడిగా పిలవాలి. (మష్‌క్లయింట్ అనే మరో క్లయింటులో ఎనేబుల్‌గ్రూప్ అనే ఒకే పిలుపుతో ఆ సమూహంలోని ట్రిగ్గర్లు, ఏలియాస్‌లు (ఆదేశాలకు పెట్టుకునే పొట్టి పేర్లు), టైమర్లు కలిసి మారతాయి; టిన్‌టిన్ అనే ఇంకో క్లయింటులో క్లాసుకు (అక్కడి సమూహానికి) 'కిల్' ఇస్తే మాత్రం అందులోనివి ఆగడం కాదు, తొలగిపోతాయి.) అందువల్ల 'పోరు_మొదలు', 'పోరు_ముగింపు' అని రెండు ఫంక్షన్లు రాసి, ఆన్, ఆఫ్ పిలుపులన్నీ వాటిలోనే ఉంచి, మిగిలిన స్క్రిప్టులన్నీ వాటినే పిలిచేలా చేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం. స్థితిని పది చోట్ల నుంచి మారుస్తూ పోతే, తప్పు ఎక్కడుందో వెతకడానికే పొద్దు గడిచిపోతుంది.

పోరు మొదలైందని చెప్పే వాక్యాన్ని పట్టుకునే ట్రిగ్గర్ మాత్రం ఆ ఫోల్డర్ బయటే ఉండాలి. లోపల పెడితే, మోటారు స్టార్టర్‌ను బోరుబావి అడుగున బిగించినట్టే. ఒకసారి ఆగాక మళ్ళీ ఆన్ చేసే దారి ఉండదు.

ఇంకొక జాగ్రత్త కూడా తీసుకోండి. పోరు మధ్యలో నెట్ తెగిపోతే ముగింపు వాక్యం మీకు చేరదు, ఫోల్డర్ ఆన్‌లోనే మిగిలిపోతుంది. ప్రొఫైల్‌ను భద్రపరిస్తే ఆ స్థితి కూడా దానితోపాటే నిలిచి, మరుసటి రోజు ఊరి నడిమధ్యన కాపలాదారుపై దాడికి దిగినా దిగవచ్చు. సిస్‌కనెక్షన్‌ఈవెంట్ అనే మడ్లెట్ సంకేతానికి ఒక హ్యాండ్లర్ (ఆ సంకేతం రాగానే నడిచే ఫంక్షన్) రాసి, సర్వరుకు కలిసిన ప్రతిసారీ 'పోరు_ముగింపు' నడిచేలా చూడండి.