గంజిలో కలిపితే కలుపు మందు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ఇసుక నేల. విత్తిన వెంటనే కలుపు మందు కొడుతున్నా, ఒక్క పెద్ద వాన పడితే మందు కిందికి దిగిపోయి కలుపు మళ్లీ లేస్తోంది. స్టార్చ్‌లో (గంజిలో ఉండే పిండిపదార్థంలో) పొదిగిన మందు మెల్లగా విడుదలవుతుందని విన్నాను. ఇంట్లో గంజి కాచి, అందులో మందు కలిపి కొట్టవచ్చా?

జవాబు: వద్దండి. ముందుగా మూసుకుపోయేది మీ స్ప్రేయర్ నాజిలే. వేడి గంజిలో మందు పోస్తే ఆ ఆవిరి నేరుగా మీ ముక్కులోకి వస్తుంది. ఇంత చేసినా, ఆరిన గంజి పొర వాన తగలగానే మెత్తబడి మందును వదిలేస్తుంది.

మీరు విన్నది మాత్రం నిజమే. 1970ల్లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పియోరియా ప్రయోగశాలలో దీనిపై బాగా పని జరిగింది. స్టార్చ్ అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. రసాయనాలతో వాటిని అక్కడక్కడా ముడివేస్తే వలలా తయారవుతుంది, మందు అందులో చిక్కుకుంటుంది. దాన్ని ఎండబెట్టి గుళికలు చేస్తారు. నేలలో తడి తగిలాక గుళిక పైభాగం జెల్లీలా ఉబ్బుతుంది, లోపల ఇంకా గట్టిగానే ఉంటుంది. ఆ జెల్లీలోంచి మందు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. మిగిలిన స్టార్చ్‌ను నేలలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. ముడులు ఎక్కువైనా, గుళిక పెద్దదైనా విడుదల నెమ్మదిస్తుంది.

ఇసుక నేలలో మందు లోతుకు జారిపోకుండా ఆపడానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. చిక్కల్లా ఒక్కటే: నేల పొడిగా ఉంటే గుళిక విచ్చుకోదు, మందు బయటికి వచ్చేలోపే కలుపు మొలిచేస్తుంది. కీటకాల మందుకైతే ఆలస్యాన్ని కొంత ఓర్చుకోవచ్చు, మొలక దశలో పనిచేయాల్సిన కలుపు మందుకు కుదరదు.

డబ్బా మీద 'సిఎస్' అని ఉంటే మందును కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో పొదిగారని అర్థం. వీటిలో చాలావాటి పొర స్టార్చ్ కాదు, పాలీయూరియా అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం. మీ పంటకు సిఫారసు ఉన్న సిఎస్ మందు దొరికితే డబ్బాను బాగా కుదిపి, లేబుల్‌పై మీ ఇసుక నేలలాంటి తేలిక నేలలకు చెప్పిన మోతాదే వాడండి. మెల్లగా విడుదలవుతుంది కదా అని మోతాదు పెంచితే తర్వాతి పంట మొలక దెబ్బతినవచ్చు. నేల తడిగా ఉన్నప్పుడు, పెద్ద వాన సూచన లేని రోజు చూసుకుని కొట్టండి.

ఇప్పటికే ఒక ట్యాంకు గంజితో కలిపి ఉంటే, చేతి తొడుగులు వేసుకుని నాజిల్, జల్లెడ విప్పి ఆరకముందే కడగండి. ఆ నీళ్లు బావి, కాలువ దరిదాపుల్లో పారబోయకండి.