ఇంటర్వ్యూల తరువాత ర్యాంకుల జాబితా

ప్రశ్న: గుంటూరులో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో జనరల్ సర్జరీ రెసిడెన్సీ (పీజీ శిక్షణ) ఇంటర్వ్యూలు పూర్తిచేశాను. బాగా నచ్చిన ఆసుపత్రిలో సీటు రావడం కష్టమనిపిస్తోంది. ర్యాంకుల జాబితాలో దానినే ముందు పెడితే మిగిలినవి చేజారవా?

జవాబు: చేజారవు. అభ్యర్థులు, ఆసుపత్రులు ఇచ్చిన ర్యాంకుల జాబితాలను జతచేసి సీట్లు కేటాయించే మ్యాచ్ పద్ధతి 1998 నుంచి అభ్యర్థుల కోరికల క్రమాన్ని అనుసరించే నడుస్తోంది కనుక, మొదటిచోట దొరకకపోయినా రెండవచోట మీ అవకాశం రవ్వంతైనా తగ్గదు. మనసుకు నచ్చిన వరుసలోనే నిస్సంకోచంగా రాయండి. ఆసుపత్రి పేరుకన్నా, మూడవ సంవత్సరం రెసిడెంట్లు పిత్తాశయ శస్త్రచికిత్సలో పరికరాలు తామే నడుపుతున్నారా, కెమెరా పట్టుకుని నిలబడుతున్నారా అన్నదే నాకు ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే సర్జన్‌గా ధ్రువీకరణనిచ్చే బోర్డు పరీక్షకు అర్హత రావాలంటే కనీసం 850 శస్త్రచికిత్సలు చేసి ఉండాలి. ఒక్క సంవత్సరంతో ముగిసే ప్రిలిమినరీ సీటును, శిక్షణ పూర్తయ్యేదాకా ఉండే ఐదేళ్ల కేటగారికల్ సీటుతో సమానంగా చూడకండి. ఏ వీసాకు ఒప్పుకుంటారో ఇప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. వెళ్లడం ఇష్టంలేని చోటును మాత్రం జాబితాలో చేర్చవద్దు. మ్యాచ్ అయ్యాక దానికి కట్టుబడవలసిందే.