రాంగ్లరా, డిఫెండరా? ముందు బండి కిందికి వంగి చూడండి

ప్రశ్న: ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. రోజుల తరబడి సాగే దూర ప్రయాణాలంటే అందరికీ ఇష్టం. బండి మీద టెంట్ వేసుకుని పడుకోవాలన్నది పిల్లల కోరిక. నేను మాత్రం అప్పుడప్పుడు స్నేహితులతో కలిసి రాళ్ల దారుల్లోకి వెళ్తుంటాను. చూసి చూసి చివరికి రెండు బండ్ల దగ్గర ఆగిపోయాను. ఒకటి నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్ రూబికాన్, రెండోది ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110. డిఫెండర్ ఇప్పుడు ఆఫ్‌రోడ్ బండే కాదు, ఒట్టి కారు అంటున్నాడు నా స్నేహితుడొకడు. హార్స్‌పవర్, స్క్రీన్ సైజు, సీట్లు అన్నీ పక్కపక్కన రాసుకుని చూసినా తేలడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: మీరు రాసిన అవసరాలకు డిఫెండర్ కొనండి. రాంగ్లర్ అంటే ప్రాణం పెట్టే మనిషి ఈ మాట చెబుతున్నాడని కూడా గుర్తుంచుకోండి.

మీరు రాసుకున్న పట్టికను కాసేపు పక్కన పెట్టండి. నేను ఏ ఫోర్ వీల్ డ్రైవ్ బండి చూడాలన్నా ముందు ఒక గోనె పట్టా పరుచుకుని దాని కింద పడుకుంటాను. హార్స్‌పవర్ చివర్లో చూస్తాను. రాళ్ల మీద నడక వేగంతో పోయే బండికి అంత శక్తితో పనేముంది? అక్కడ కావలసింది లో రేంజ్ గేరు (వేగం తగ్గించి చక్రాలకు బలం పెంచే గేర్ల జత), నేలను వదలని చక్రాలు, రాయికి తగలని పొట్ట.

రాంగ్లర్ కింద పడుకుంటే ముందూ వెనకా రెండు లావుపాటి ఇనుప యాక్సిళ్లు అడ్డంగా కనిపిస్తాయి. ఎడమ చక్రం, కుడి చక్రం ఒకే దూలానికి బిగించి ఉంటాయి. ఒక చక్రం రాయెక్కి పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుంటుంది. అందుకే గుంతలో కూడా చక్రం నేలను వదలదు. డిఫెండర్ కింద ఆ దూలాలు ఉండవు. నాలుగు చక్రాలూ వేటికవే కదులుతాయి. ఛాసిస్ (బాడీ కింద ఉండే ఇనుప చట్రం) విడిగా లేదు, అల్యూమినియం బాడీయే మొత్తం బరువు మోస్తుంది. మీ స్నేహితుడు కారు అంటున్నది దీన్ని చూసే. 1948లో మొదలైన ల్యాండ్ రోవర్ వంశంలో విడి ఛాసిస్, గట్టి యాక్సిళ్లు ఉన్న పాత డిఫెండర్ తయారీ 2016 జనవరిలో ఆగిపోయింది. 2019లో చూపించిన కొత్తది పేరు అదే పెట్టుకున్నా పూర్తిగా వేరే నిర్మాణం. బండి నిర్మాణం గురించి మీ స్నేహితుడు చెప్పింది నిజమే. దాని సత్తా గురించి చెప్పింది మాత్రం తప్పు.

ఎలాగో చెబుతాను. రెండింటి వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, దాదాపు సమానం. రాంగ్లర్‌ది 3,008 మిల్లీమీటర్లు, డిఫెండర్ 110ది 3,022. ఇంత పొడుగు బండి దిబ్బ ఎక్కి దిగేటప్పుడు నడుము తగులుతుందా లేదా అన్నది చెప్పేది బ్రేకోవర్ కోణం. 2018 మోడల్‌గా వచ్చిన ఈ తరం నాలుగు డోర్ల రూబికాన్‌కి అది సుమారు 22.6 డిగ్రీలు. ఎయిర్ సస్పెన్షన్‌ని (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండిని లేపి దించే ఏర్పాటు) పైకి లేపిన డిఫెండర్‌కి 28. నీళ్లలో రాంగ్లర్‌కి కంపెనీ చెప్పే హద్దు 76 సెంటీమీటర్లు, డిఫెండర్‌కి 90. పూర్తిగా లేపితే డిఫెండర్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ పొట్టకీ మధ్య ఎడం, 291 మిల్లీమీటర్లు. రాంగ్లర్ గెలిచేది ముక్కు దగ్గర. నిటారు రాయిని ఎదురుగా ఎక్కేటప్పుడు రూబికాన్‌కి 44 డిగ్రీల వరకు వీలుంటే డిఫెండర్‌కి 38.

ఇవన్నీ కాగితం మీది కొలతలు. అసలు తేడా ఒక్క సందర్భంలో బయటపడుతుంది. ముందు కుడి చక్రం బండరాయి మీద ఉంది, వెనక ఎడమ చక్రమూ ఎత్తు మీదే ఉంది అనుకోండి. మిగతా రెండు చక్రాలు గుంతల మీద వేలాడుతున్నాయి. బండి ఎగుడుదిగుడు నేల మీద వేసిన పీటలా ఊగుతోంది. మలుపుల్లో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా బలాన్ని పంచే గేర్ల పెట్టెను డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్‌కి ఒక బలహీనత ఉంది. పట్టు లేని చక్రం సులువుగా తిరుగుతుంది కాబట్టి అదే గాల్లో గిరగిరా తిరుగుతూ ఉంటుంది, పట్టున్న చక్రానికి బలం అందదు.

ఇక్కడ రూబికాన్‌లో ఏం చేస్తారంటే, లో రేంజ్‌లో ఉండగా స్వే బార్ బటన్ నొక్కుతారు. ముందు చక్రాలను కట్టిపడేసే ఆ కడ్డీ విడిపోయి, చక్రాలు ఇంకా కిందికి సాగుతాయి. వేగం పెరిగితే మళ్లీ దానంతట అదే కలుస్తుంది. ఇంకా చాలకపోతే డిఫరెన్షియల్‌ని బిగించేసే లాకర్ స్విచ్. డాష్‌బోర్డు మీద దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. బండిని అంగుళం కదిపితే పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుని దీపం నిలకడగా వెలుగుతుంది. ఇక ఆ యాక్సిల్ రెండు చక్రాలూ ఒకటిగా తిరిగి తీరాలి. వెనకా ముందూ రెండూ లాక్ చేయవచ్చు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌లో, లో రేంజ్ మొదటి గేరులో ఇంజిన్ సుమారు 77 సార్లు తిరిగితే చక్రం తిరిగేది ఒక్కసారి. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండి రాయిని ఎక్కేస్తుంది. ఈ పనిలో రూబికాన్‌తో పోటీపడే ఫ్యాక్టరీ బండ్లు చాలా తక్కువ.

డిఫెండర్ అదే చోటును వేరే దారిలో దాటుతుంది. దానికీ లో రేంజ్ ఉంది. ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే మధ్య డిఫరెన్షియల్ లాక్ అవుతుంది. వెనకదానికి ఎలక్ట్రానిక్ లాక్ తీసుకునే వీలుంది. ముందు యాక్సిల్‌కి లాకర్ లేదు. తిరిగే చక్రాన్ని బ్రేకు పట్టి ఆపి రెండో వైపుకి బలం పంపుతుంది. కింద నుంచి గరగరమని చప్పుడు వస్తుంది, భయపడకండి. ఆ చప్పుడు వినగానే చాలామంది కాలు తీసేస్తారు. అలా తీయకూడదు, యాక్సిలరేటర్‌ని అదే ఒత్తిడితో నిలిపి ఉంచితే కంప్యూటర్ తన పని చేసుకుపోతుంది. డ్రైవర్ చేతి పని తగ్గుతుంది. నాలాంటి వాళ్లకు నచ్చనిది అదే, మీ ఇంట్లో ఇంకెవరైనా నడపాల్సి వస్తే పనికొచ్చేదీ అదే.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం తారు రోడ్డే. గట్టి యాక్సిళ్ల బండి హైవే మీద కాస్త అటూ ఇటూ లాగుతుంది, స్టీరింగ్‌ని ఎప్పుడూ చిన్నచిన్నగా సరిచేస్తూ ఉండాలి. ఒంటరిగా వెళ్లేవాడికి అది సరదా. వెనక సీట్లో ముగ్గురు కూర్చుని రోజంతా ప్రయాణం చేస్తుంటే సరదా కాదు. డిఫెండర్ ఎయిర్ సస్పెన్షన్ ఆగి ఉన్నప్పుడు కిందికి దిగుతుంది. మీ అత్తగారి మోకాళ్లకు ఆ కొంచెం ఎత్తు తగ్గడమే ఎంతో మేలు. షోరూముకి ఆవిణ్ని తప్పకుండా తీసుకెళ్లండి. రెండు బండ్లలోనూ ఒకసారి ఎక్కి దిగమనండి. ఎక్కడం కంటే దిగేటప్పుడు గమనించండి, నొప్పి అప్పుడే తెలుస్తుంది.

టెంట్ విషయంలో ఇంకా తేడా ఉంది. డిఫెండర్ పైకప్పు నడుస్తున్నప్పుడు 168 కిలోలు, ఆగి ఉన్నప్పుడు 300 కిలోలు మోస్తుంది. అంటే టెంటు, అందులో పడుకునే వాళ్లు అందరూ లెక్కలోకి వస్తారు. రాంగ్లర్ పైకప్పు విప్పి పక్కన పెట్టుకునేలా చేసింది. అందుకే దాని మీద నేరుగా బరువు పెట్టకూడదు, బాడీకి బిగించే ర్యాక్ వేరే వేయించుకోవాలి. వేయించుకున్నాక పైకప్పు విప్పే సరదా ఎలాగూ పోతుంది.

ఒక షరతు మాత్రం ఉంది. డిఫెండర్ కొంటే అందంగా ఉన్నాయని 22 అంగుళాల చక్రాలు తీసుకోకండి. దయచేసి వద్దు. పలచటి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఉన్న టైరు రాయి అంచుకి తగిలిందంటే చీలుతుంది. ఇసుకలో గాలి తగ్గించడానికీ వీలుండదు. 18 అంగుళాల ఇనుప చక్రాలు ఏ ఇంజిన్‌తో వస్తాయో కనుక్కుని, బుక్ చేసేటప్పుడే రాయించండి. రూబికాన్ వాళ్లు 17 అంగుళాల చక్రానికి 33 అంగుళాల టైరు వేసి ఇస్తున్నారంటే దాని వెనక ఉన్నది ఈ లెక్కే. ఎంత ఖరీదైన సస్పెన్షన్ ఉన్నా నేలను తాకేది టైరే కదా.

ఎయిర్ సస్పెన్షన్‌లో కంప్రెసరు, గాలి సంచులు, ఎత్తు చూసే సెన్సర్లు ఉంటాయి. ఒకటి మొరాయిస్తే దారి మధ్యలో స్పానర్లతో బాగుచేసుకోలేం. కాబట్టి దూర ప్రయాణానికి ముందు రాత్రి బండిని నిలిపి, తెల్లవారి ఏ మూల అయినా దిగిందేమో చూడండి. దిగితే గాలి లీకవుతోందన్నమాట. ముందే చూపించుకోండి.

మీ పిల్లలు పెద్దవాళ్లయి, ఇంట్లో రెండో బండికి చోటు దొరికి, రాళ్ల దారులే మీ ప్రపంచం అయ్యాయనుకోండి. అప్పుడు రెండు డోర్ల రూబికాన్ కొనండి. వీల్‌బేస్ అర మీటరు కంటే ఎక్కువే తగ్గుతుంది. రాంగ్లర్ అసలు రుచి ఆ పొట్టి బండిలోనే ఉంది.

ప్రశ్న: నాకు సుజుకి జిమ్నీ నచ్చింది. అది బొమ్మ బండి, దాని ఇంజిన్‌తో కొండలెక్కలేవని మా తమ్ముడు వెక్కిరిస్తున్నాడు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. 1970 నుంచి వస్తున్న బండి అది. ఇప్పటి తరంలోనూ విడి ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, లో రేంజ్ అన్నీ ఉన్నాయి. ఇంత చిన్న బండిలో ఈ మూడూ కలిపి ఇస్తున్న వాళ్లు ఈ రోజుల్లో దాదాపు లేరు. 1.5 లీటర్ల ఇంజిన్ సుమారు 102 హార్స్‌పవర్ ఇస్తుంది. మూడు డోర్ల బండి బరువు 1,100 కిలోల చుట్టుపక్కల. రెండు టన్నుల బండి దిగబడిపోయే మెత్తటి బురదలో ఇది తేలిగ్గా దాటిపోవడం నేను కళ్లారా చూశాను. దిగబడినా ఇద్దరు ముగ్గురు తోస్తే బయటికొస్తుంది. బరువు తక్కువగా ఉండటం కూడా ఒక బలమేనని మీ తమ్ముడికి చెప్పండి.

లోపాలూ చెప్పాలి. లాకర్లు లేవు, గాల్లో తిరిగే చక్రాన్ని బ్రేకు పట్టి ఆపే పద్ధతే. హైవే మీద ఓవర్‌టేక్ చేయాలంటే ముందే చూసుకోవాలి. మూడు డోర్లదానిలో వెనక సీటు మడవకపోతే ఒక సంచి కంటే పట్టదు. ఐదు డోర్లది 2023లో వచ్చింది. అందులో చోటు బాగుంటుంది గాని, వీల్‌బేస్ 2,250 నుంచి 2,590 మిల్లీమీటర్లకు పెరిగింది కాబట్టి దిబ్బల మీద నడుము కాస్త త్వరగా తగులుతుంది. ఒక్కరో ఇద్దరో తిరిగేటట్టయితే మూడు డోర్లదే తీసుకోండి.

ప్రశ్న: నా బండిలో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని మూడున్నాయి. వాన పడినా పడకపోయినా 4హెచ్‌లోనే నడిపితే భద్రం కదా?

జవాబు: పొడి తారు రోడ్డు మీద అలా నడపకండి. మీరు చెప్పిన పద్ధతి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌ది. 2హెచ్ అంటే రెండు చక్రాలకే బలం, 4హెచ్ అంటే నాలుగింటికీ, 4ఎల్ అంటే నాలుగింటికీ లో రేంజ్‌లో. 4హెచ్ వేస్తే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టి మీదో ఇసుక మీదో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు. ఆ ఒత్తిడంతా షాఫ్టులు, గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కడం, మలుపులో బండి కుంటినట్టు అదరడం దాని గుర్తులే. మధ్యలో డిఫరెన్షియల్ ఉన్న ఫుల్ టైమ్ బండ్లకు ఈ బాధ లేదు.

4ఎల్ మాత్రం నిటారు ఎక్కుడు, దిగుడు, ఇసుక, రాళ్లకే. ఏటవాలు దిగేటప్పుడు 4ఎల్ మొదటి గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద ఒత్తిడి పడదు. అందులోకి మార్చే ముందు బండి పూర్తిగా ఆపాలా, మెల్లగా కదులుతుండాలా అన్నది బండిని బట్టి ఉంటుంది, మీ మాన్యువల్‌లో చూడండి.

ఎప్పుడైనా తారు మీద 4హెచ్ వేసి, తిరిగి 2హెచ్‌కి లివర్ రాకపోతే బలవంతంగా లాగొద్దు. స్టీరింగ్ తిన్నగా పెట్టి కొన్ని మీటర్లు రివర్స్ తీసుకోండి. బిగుసుకున్న ఒత్తిడి వదిలి లివర్ దానంతట అదే వస్తుంది.