ఊరి సంఘానికి ఏ లెక్కల యాప్ మంచిది? ముందు రశీదు పుస్తకాల సంగతి చూడండి

సోంపేట వైపు ఊరు, ఏటా అమ్మవారి సంబరం, దాంతోపాటు సంఘం నడిపే మంచినీళ్ల ప్లాంటు. కోశాధికారి మంచివాడే, అయినా సంబరం అయిన ప్రతిసారీ లెక్కల దగ్గర గొడవ. ఏ యాప్ వాడితే ఇది తీరుతుంది అని అడిగారు.

యాప్ సంగతి చివర్లో చెబుతాను. "కోశాధికారి మంచివాడే" అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. మంచివాడన్న ధీమాతో డబ్బు తీసుకోవడం, దాచడం, పుస్తకంలో రాయడం, ఖర్చు పెట్టడం నాలుగూ ఆయన నెత్తినే పెట్టి ఉంటారు. రేపు నాలుగు వందలు తేడా వస్తే తాను తినలేదని చూపించుకోవడానికి ఆయన దగ్గర కాగితం ముక్క ఉండదు. అందుకే డబ్బు పట్టుకునే మనిషి వేరు, పుస్తకం రాసే మనిషి వేరు అయి తీరాలి. ముగ్గురే ఉన్న సంఘమైనా ఇది కుదురుతుంది.

ఇక రశీదు పుస్తకాలు. ప్రెస్‌లో 10 పుస్తకాలు కొట్టించారనుకుందాం, పుస్తకానికి 50 జతలు (అసలు, నకలు). 1 నుంచి 500 దాకా నంబర్లు ప్రెస్‌లోనే పడాలి, తర్వాత చేత్తో వేసుకుంటామంటే ఒప్పుకోకండి. ప్రెస్ బిల్లు మీద కూడా "10 పుస్తకాలు, 1–500" అని రాయించుకోండి. పుస్తకాలు కార్యదర్శి దగ్గర బీరువాలో ఉండాలి, కోశాధికారి దగ్గర కాదు. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి సంతకం తీసుకోండి. చాలా ఊళ్లలో అసలు ఎన్ని పుస్తకాలు బయట తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. అది తెలియనప్పుడు వసూలు ఇంత అని చెప్పే అంకెకి అర్థమే లేదు.

మూడో పుస్తకం తిరిగొచ్చిన రాత్రి ఏం జరగాలో విడమరిచి చెబుతాను. అందులో ఉన్నవి 101 నుంచి 150 దాకా. 137 వరకు వాడారు, 138 నుంచి 150 దాకా 13 ఖాళీ. 119 తప్పు రాశారు. దాన్ని చించి పారేయకూడదు, అసలూ నకలూ రెండూ పుస్తకంలోనే పిన్ను కొట్టి ఉంచి, అడ్డంగా "రద్దు" అని రాయాలి. అంటే చెల్లే రశీదులు 36. రామమందిరం అరుగు మీద ఇద్దరు కూర్చుని, ఒకరు నకళ్లు చదువుతుంటే ఇంకొకరు కూడాలి. మొత్తం 21,650 తేలిందనుకోండి. ఇందులో ఫోన్‌లో వచ్చింది 7,500, చేతికొచ్చింది 14,150. ఇప్పుడు నోట్లు లెక్కపెట్టి ఒక చీటీ మీద రాయాలి: 500లు 23, 200లు 6, 100లు 11, 50లు 5, 20లు 3, 10లు 4. సరిగ్గా 14,150. వసూలు చేసినవాడు, లెక్కపెట్టినవాడు ఇద్దరూ ఆ చీటీ మీద సంతకం పెట్టి పుస్తకం అట్ట లోపల అతికించేయాలి. మొత్తం కలిపి పావుగంట పని. ఆ చీటీ లేకపోతే మూడు నెలల తర్వాత "నేను పద్నాలుగు ఇచ్చాను", "కాదు, పదమూడే ఇచ్చావు" అని మొదలవుతుంది, ఇక దానికి అంతు ఉండదు.

నకలు మీద అంకె మారే అవకాశం ఒకటుంది. కార్బన్ పేపర్ పెట్టకుండా అసలు మీద 1,116 రాసిచ్చి, నకలు మీద తర్వాత 516 రాయడం. కోరి చేసినా, కార్బన్ పెట్టడం మరిచిపోయి గుర్తున్నంత వరకు రాసినా ఫలితం ఒకటే. దీనికి ఆడిటర్ కంటే గట్టి మందు గోడ మీద పట్టీ. సంబరం అయిన వారంలోపు రామమందిరం గోడకి పేరు, రశీదు నంబరు, మొత్తం రాసి అంటించండి. నంబరు తప్పకుండా ఉండాలి. ఇంట్లో రశీదు ఉన్న ప్రతి మనిషీ తన అంకె వెతుక్కుంటాడు, ఊరంతా మీకు ఊరికే ఆడిట్ చేసి పెడుతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అంటారు. రెండు శుభోదయం బొమ్మలు పడేసరికి అది పైకి పోతుంది, ముసలివాళ్లు అసలు చూడరు.

మీ ఊరి గొడవకి అసలు కారణం ఇదే అని నా గట్టి నమ్మకం: మైకులో చదివిన చందా వేరు, చేతికొచ్చిన చందా వేరు. పందిట్లో "ఫలానా వారు 5,116" అని చదువుతారు, జనం అది మనసులో కూడుకుంటారు. అందులో కొంత వచ్చే నెల జీడిపప్పు అమ్మాక ఇస్తామన్నది, కొంత ఎప్పటికీ రానిది. డబ్బు అందనిదే రశీదు రాయకండి. ఒప్పుకున్న చందాలకి విడిగా ఒక పట్టీ పెట్టి, వసూలైన తేదీ, రశీదు నంబరు ఎదురుగా వేయండి. సభలో మూడు అంకెలూ చదవండి: ఒప్పుకున్నది, వచ్చింది, రావలసింది. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, నూనె డబ్బాలు ఇచ్చినవాళ్ల పేర్లు సరుకు పేజీలో పరిమాణంతో రాయండి. వాటికి ధర కట్టి నగదు పుస్తకంలోకి తెస్తే నిల్వ ఎప్పటికీ కలవదు.

వసూలైన డబ్బులోంచి పైసా ఖర్చు పెట్టకండి. "టెంటువాడు గుమ్మంలో నిల్చున్నాడు, చందా డబ్బులోంచి ఇచ్చేశాం" అన్న ఒక్క పనితో రశీదులకీ బ్యాంకు జమకీ పొత్తు తెగిపోతుంది. వసూలైంది వసూలైనట్టు మర్నాడు బ్యాంకులో వేయాలి, నగదు రశీదుల మొత్తమూ జమ చలానూ ఒకటే కావాలి. పూలు, ఆటో, టీ లాంటి వాటికి 5,000 విడిగా ఒకరి చేతికివ్వండి. ఆయన దగ్గర ఎప్పుడు చూసినా ఓచర్లూ నగదూ కలిపి 5,000 ఉండాలి. ఓచర్లు 4,260 అయితే నగదు 740. అయిపోవస్తే ఓచర్ల మొత్తానికే చెక్కు రాసి మళ్లీ నింపాలి, గుండ్రంగా ఇంకో అయిదు వేలు ఇవ్వకూడదు. నగదు చెల్లింపు 5,000 దాటితే తీసుకున్నవాడి సంతకం రూపాయి రెవెన్యూ స్టాంపు మీద పడాలి.

బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించుకోండి, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. చెక్కు మీద సంతకాలకి ముగ్గురి పేర్లిచ్చి, ఏ ఇద్దరైనా పెట్టవచ్చని తీర్మానం చేయండి. ఇద్దరినే పెడితే వాళ్లలో ఒకరు విశాఖలో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చినప్పుడు ఖాళీ చెక్కుల మీద పది సంతకాలు పెట్టి వెళ్తారు. ఇక రెండో సంతకం ఉన్నా లేనట్టే. కమిటీ మారిన వారంలోనే తీర్మానం నకలు, కొత్తవాళ్ల ఆధార్, పాన్ పట్టుకెళ్లి బ్యాంకులో పేర్లు మార్పించండి.

నెలకోసారి పాస్‌బుక్ నగదు పుస్తకంతో కలపాలి. పాస్‌బుక్‌లో 86,400, టెంటువాడికి ఇచ్చిన 18,000 చెక్కు ఇంకా మారలేదు, అంటే మిగిలేది 68,400. నగదు పుస్తకం 68,518 చూపిస్తోంది. తేడా 118. వెతికితే బ్యాంకు కోసిన ఛార్జీ 100, దానిపై జీఎస్టీ 18, మనం రాయలేదు. ఇంత చిన్న తేడానైనా తేలేదాకా వదలకండి, ఎందుకంటే పెద్ద తప్పులు రెండు ఒకదాన్నొకటి కొట్టేసుకుని చిన్న తేడాగా కనిపించవచ్చు. చెక్కు మూడు నెలలే చెల్లుతుంది, అప్పటికీ మారకపోతే పార్టీని అడిగి రద్దు చేసి కొత్తది రాయండి.

క్యూఆర్ కోడ్ మాత్రం కోశాధికారి సొంత ఫోన్‌పేది పెట్టకండి. ఆయన ఇంటి ఖర్చూ అమ్మవారి చందా ఒకే ఖాతాలో కలిసిపోతాయి. ఆయనకి ఏమైనా అయితే ఆ డబ్బు వారసుల చేతికి పోతుంది. సంఘం ఖాతాకే కోడ్ ఇమ్మని బ్యాంకుని అడగండి. బయటి దేశాల నుంచి వచ్చే చందాల్లో ఒక మెలిక ఉంది. భారత పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనిచేస్తున్న మీ ఊరివాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. పేరు పక్కన ఏ దేశ పౌరుడో రాసుకోండి.

ప్లాంటు డబ్బుకి మాత్రం రశీదుల కంటే మీటరే మంచి సాక్షి. క్యాన్లు నింపే గొట్టం మీద నీటి మీటరు బిగించండి. వృథా నీరు పోయే గొట్టం మీద పెడితే పనికిరాదు. మీటరు ఘనమీటర్లలో చూపిస్తుంది, ఒక ఘనమీటరు అంటే వెయ్యి లీటర్లు. నిన్న సాయంత్రం 412.380, ఈ సాయంత్రం 415.020 అయితే 2,640 లీటర్లు వెళ్లాయి. 20 లీటర్ల క్యాన్లలో 132. డబ్బు 128 క్యాన్లకి వచ్చింది, నాలుగు క్యాన్ల నీరు కడగడానికి పోయింది అంటే నమ్మవచ్చు. రోజూ పది, పన్నెండు తగ్గుతుంటే ఉచితంగా ఎవరికి పోతున్నాయో అడగాలి. రీడింగ్ తీసేవాడు, డబ్బు వసూలు చేసేవాడు ఒకరే కాకూడదు.

ఆడిట్ చేయించాం కదా అనుకుని ఊరుకోకండి. ఏడాది చివర సంచిలో బిల్లులు కుమ్మరిస్తే ఆడిటర్ బిల్లు ఉందో లేదో చెబుతాడు గాని, రశీదు రాయకుండా పోయిన డబ్బు ఆయనకి కనిపించదు.

ఇక యాప్. ఆరు గళ్ల ఎక్సెల్ షీటు చాలు: తేదీ, రశీదు లేదా ఓచరు నంబరు, వివరం, జమ, ఖర్చు, నిల్వ. పుస్తకం రాసే మనిషే అందులోకి ఎక్కించాలి. నెలాఖరున ప్రింటు తీసి, ఆ నెల పాస్‌బుక్ పేజీ నకలు వెనక పెట్టి, ఇద్దరు సంతకం చేసి ఫైల్లో పెట్టండి.