పాఠకులు కావాలన్న అబ్బాయికి పెద్దమ్మ జాబు

చిరంజీవి కిరణ్‌కు,

పెద్దమ్మ దీవెనలు. ఆకాశం గురించి నువ్వు రాస్తున్న బ్లాగును మొదటి టపా నుంచి నిన్నటి టపా దాకా చదివాను. బాగా రాస్తున్నావు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఇక మీదట వచ్చేవి చాలావరకు చీవాట్లే కనుక.

ఫేస్‌బుక్‌లో ఇంతమంది స్నేహితులున్నా బ్లాగు గడప తొక్కేవారే లేరని వాపోయావు. నీ ప్రొఫైలు తెరిచి చూశాను. పై నుంచి కింది దాకా ఒకటే పాట: "కొత్త టపా రాశాను. చదివి మీ విలువైన అభిప్రాయం చెప్పండి." దాని కింద లింకు. మళ్లీ అదే వాక్యం, మళ్లీ లింకు. నేను నీ పెద్దమ్మను కాబట్టి నొక్కాను. మిగిలినవారికి ఏం పట్టింది? టపా దేని గురించో కూడా ఆ వాక్యంలో లేదు. పైగా చదవమన్నావు, అభిప్రాయం చెప్పమన్నావు. ఎదుటివారికి రెండు పనులు అప్పగించి, వారి చేతిలో ఏమీ పెట్టలేదు.

అంగారకుడి మీద సూర్యాస్తమయం గురించి నువ్వు రాసిన టపానే తీసుకుందాం. ప్రొఫైలులో ఇలా రాయవచ్చు కదా: "మనకు పగలు ఆకాశం నీలం, పొద్దుగుంకే వేళ ఎరుపు. అంగారకుడి మీద ఇది దాదాపు తలకిందులు. పగలు ఆకాశం మట్టిరంగులో ఉంటుంది. సూర్యుడు దిగిపోయేటప్పుడు మాత్రం అతని చుట్టూ నీలం అలుముకుంటుంది. అక్కడి గాలిలో తేలే సన్నటి ధూళి చేసే మాయ ఇది." ఆ తర్వాత, అక్కడి నేల మీద తిరిగే రోవర్ బండ్లు పంపిన ఫోటోలూ ధూళి కథా బ్లాగులో ఉన్నాయని ఒక్క ముక్క. లింకు నొక్కనివాడు కూడా ఒక కొత్త సంగతి తెలుసుకుని వెళ్తాడు. నీ పేరు చూస్తే ఏదో ఒకటి తెలుస్తుందన్న నమ్మకం అతనికి ఏర్పడుతుంది. రేపో మాపో నొక్కేది అతనే.

అంతా అక్కడే చెప్పేస్తే బ్లాగుకు ఎందుకొస్తారని నువ్వు అడుగుతావని తెలుసు. సగం తెలిసినవాడికే మిగతా సగం కావాలనిపిస్తుంది. ఏమీ తెలియనివాడికి ఏదీ అక్కర్లేదు. "ఈ విషయం తెలిస్తే నిర్ఘాంతపోతారు" అని ఊరించి దాచే శీర్షికలకు జనం ఒకసారి వస్తారు. రెండోసారి నీ పేరు కనిపిస్తే వేలితో తెర జరుపుకుంటూ పోతారు. ముక్కూ మొహం తెలియనివారి దగ్గర ఆ పని చేస్తే పోయేది ఒక పాఠకుడు. నిన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవారి దగ్గర చేస్తే పోయేది నీ మాట మీద గురి.

బ్లాగు పేరుతో వేరే పేజీ తెరవాలా అని కూడా అడిగావు. ఇప్పుడే వద్దు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్ తీరు మారుస్తూ, పేజీల పోస్టులను తగ్గించి, స్నేహితులూ బంధువులూ పెట్టేవాటికి, అందులోనూ మాటామంతీ నడిచే పోస్టులకు పెద్దపీట వేస్తామని బాహాటంగానే ప్రకటించింది. తర్వాత మరెన్నో మార్పులు వచ్చాయి. అయినా కొత్త పేజీ ఎవరూ లేని చోట మొదలవుతుంది, నీ ప్రొఫైలులో అప్పటికే మనుషులున్నారు అన్న తేడా చెరగలేదు. ప్రొఫైలుకు 5,000 మంది స్నేహితుల హద్దు ఉంది నిజమే. అది నీకు అడ్డం వచ్చిన రోజున పేజీ సంగతి మాట్లాడుకుందాం.

స్నేహితులు ఉన్నారు సరే, వాళ్లంతా పాఠకులని మాత్రం అనుకోకు. నీతో చదువుకున్నవారు, పనిచేసేవారు, ఎక్కడో పరిచయమైనవారు. వీళ్లు నీ ప్రొఫైలుకు వచ్చింది నీ కోసం, నక్షత్రాల కోసం కాదు. వందమందిలో నలుగురికి ఆకాశం మీద ఆసక్తి ఉంటే గొప్ప. ఆ నలుగురు ఎవరో కనిపెట్టడమే నీ పని. పోస్టుల కింద ప్రశ్నలు అడిగేవారిని గమనించు. లైకు కొట్టి వెళ్లేవారు మర్యాదస్తులు, వాళ్లకు ఓ నమస్కారం. "మరి చంద్రుడు దిగంతం దగ్గర పెద్దగా ఎందుకు కనిపిస్తాడు?" అని అడిగేవాడు మాత్రం నీ పాఠకుడు. అతనికి పొడిపొడిగా "ధన్యవాదాలు" అనకుండా సావకాశంగా జవాబు రాయి. అది మన కళ్ల భ్రమేననీ, ఫోటో తీసి కొలిస్తే చంద్రబింబం దిగంతం దగ్గరా నడినెత్తినా దాదాపు ఒకే పరిమాణంలో ఉంటుందనీ చెప్పు. ఆ జవాబు తర్వాతి టపాకు విత్తనం అవుతుంది. ఆ టపా రాశాక లింకును ముందుగా పంపవలసింది కూడా అతనికే. మీరడిగిన ప్రశ్న మీదే రాశాను అంటే ఎవరు కాదంటారు?

ఒక్కొక్కరికీ విడిగా పంపే ఇలాంటి కబురుకు మించిన ప్రచారం నేను చూడలేదు. విడిగా అన్నాను కదా అని ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ ఒకే సందేశం అంటించేవు. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంది, 256 మందికి ఒకేసారి వెళ్తుంది. నీ నంబరు తమ ఫోనులో దాచుకున్నవారికే అది అందుతుంది. నాకు ఆ నియమం భలే నచ్చుతుంది. నిన్ను ఎరగనివాడి తలుపు కొట్టకుండా ఆపుతుంది. జాబితాలో చేర్చేముందు అడిగి చేర్చు. కుటుంబ గ్రూపుల్లో, సహోద్యోగుల గ్రూపుల్లో వారం వారం లింకులు కుమ్మరించకు. ఆ గ్రూపులు వేరే పనికి పెట్టుకున్నవి. అక్కడ ఎవరూ ఏమీ అనరు, మెల్లగా మ్యూట్ చేస్తారు. స్టేటస్‌లో పెట్టుకో, 24 గంటల్లో అదే పోతుంది, ఎవరికీ బరువు కాదు.

ట్యాగ్ చేయడం గురించి ఒక్క మాటే: టపాలో ఎవరి ఫోటోనో, ఎవరి సాయమో ఉంటే వారిని ట్యాగ్ చెయ్యి. చూస్తారని ఇరవైమందిని కట్టి లాగడం అసభ్యం. "లైక్ చేయండి, షేర్ చేయండి, ముగ్గురు మిత్రులను ట్యాగ్ చేయండి" అని బతిమాలే పోస్టులను కిందికి నెట్టేస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే చెప్పింది. చెప్పకపోయినా చేయకూడనిదే.

ఇక సాంకేతికమైన సంగతులు. నీకు విసుగని తెలుసు, అయినా ఇక్కడే నీకు నష్టం జరుగుతోంది. మొదటిది, లింకు పెట్టినప్పుడు కనిపించే బొమ్మ. నీ పోస్టుల్లో కొన్నిటికి బొమ్మే లేదు, కొన్నిటికి బ్లాగు పక్కపట్టీలోని ఏదో గుర్తు వచ్చి కూర్చుంది. ఏ శీర్షిక, ఏ బొమ్మ చూపాలో ఫేస్‌బుక్‌కూ వాట్సాప్‌కూ చెప్పేవి ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు. అవి నీ బ్లాగు మూసలో ఉన్నాయో లేదో చూసుకో. బొమ్మ 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 ఎత్తు ఉంటే నిండుగా కనిపిస్తుంది. సరిచేశాక కూడా పాత బొమ్మే వస్తుంటే కంగారుపడకు. ఫేస్‌బుక్ దాన్ని దాచిపెట్టుకుని ఉంటుంది. షేరింగ్ డీబగ్గర్ అనే దాని సాధనంలో లింకు వేసి మళ్లీ చదివిస్తే మారుతుంది.

రెండోది మన లిపితో వచ్చే చిక్కు. తెలుగు శీర్షిక పెడితే, బ్లాగులు నడిపే వేదిక వర్డ్‌ప్రెస్ అదే శీర్షికతో టపా చిరునామా తయారుచేస్తుంది. దాన్ని నకలు చేసి ఎక్కడైనా అతికిస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పెద్ద కొండచిలువ బయటపడుతుంది. తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ, గుణింతపు గుర్తుకు కూడా, తొమ్మిదేసి అక్షరాలు పడతాయి మరి. చూసినవారు అదేదో మోసపు లింకు అనుకుంటారు. గూగుల్ వారి బ్లాగర్ వేదికలో ఇంకో తంటా: తెలుగు శీర్షికను పక్కనపెట్టి, బ్లాగ్ పోస్ట్ అనే మాటతో అర్థంలేని చిరునామా ఇస్తుంది. రెండింటిలోనూ ప్రచురించేముందే చిరునామాను ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు మాటలకు మార్చుకోవచ్చు. ప్రచురించాక మారిస్తే పాత లింకులు తెగిపోయే ప్రమాదం ఉంది. లింకులను కురచ చేసే సేవల జోలికి వెళ్లకు. ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియని లింకును ఈ రోజుల్లో తెలివైనవాడెవడూ నొక్కడు. ఎక్స్‌లో (ఒకప్పటి ట్విట్టర్) చోటు కలిసివస్తుందనీ అనుకోకు. అక్కడ ఎంత పొడుగు లింకైనా 23 అక్షరాల కిందే లెక్క.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో కింద రాసే వ్యాఖ్యానంలో లింకు పనిచేయదు, నువ్వు పెట్టినవన్నీ వృథా. బయోలో ఐదు లింకుల దాకా పెట్టనిస్తారు. స్టోరీలో లింకు స్టిక్కర్ 2021 నుంచి అందరికీ ఉంది. ఆ రెండూ చాలు. లింక్డ్ఇన్‌లో నీ ఉద్యోగం కింద బ్లాగు ఊసే లేదు. పేరు కింది వాక్యానికి 220 అక్షరాల చోటుంది, అందులో "ఆకాశం గురించి తెలుగులో రాస్తుంటాను" అని చేర్చు. అన్ని ప్రొఫైళ్లలోనూ ఇదే వాక్యం, ఇదే ముఖచిత్రం ఉంటే ఒకచోట చూసినవారు మరోచోట గుర్తుపడతారు. అన్నిచోట్లా చురుగ్గా ఉండాలని మాత్రం తాపత్రయపడకు. రెండుచోట్ల మనిషిలా ఉండు, మిగిలినచోట్ల చిరునామా ఉంటే చాలు.

ఒక జాగ్రత్త. పోస్టు పక్కన భూగోళం గుర్తు ఉంటేనే దాన్ని అందరూ చూడగలరు. నీవన్నీ స్నేహితులకే పరిమితమై ఉన్నాయి. ఎవరైనా షేర్ చేసినా నీ స్నేహితులు కానివారికి కనిపించవు. టపాల గురించినవి అందరికీ తెరిచిపెట్టు. తెరిచేముందు వెనక్కి వెళ్లి, పిల్లల ఫోటోలూ ఇంటి చిరునామా తెలిసే ఫోటోలూ ఎవరికి కనిపిస్తున్నాయో చూసుకో. అందరికీ కనిపించే పాత పోస్టులన్నిటినీ ఒక్కసారే స్నేహితులకు పరిమితం చేసే వీలు సెట్టింగుల్లో ఉంది. పాఠకులు పెరిగితే నిన్ను ఎరగనివారు నీ ప్రొఫైలు తిరగేస్తారు. ఇది అందరూ మరిచిపోయే సంగతి.

పాత టపాలను మళ్లీ చెప్పడానికి సిగ్గుపడుతున్నావు. ఎందుకు? నువ్వు పెట్టిన ప్రతి పోస్టూ అందరికీ చేరుతుందన్న భ్రమ వదులు. సూర్యగ్రహణం వారంలో ఉందనగా, గ్రహణం చూసే పద్ధతి మీద నువ్వు ఎప్పుడో రాసిన టపా కొత్త టపా కన్నా విలువైనది. సరైన సౌర కళ్లద్దాలు లేకుండా సూర్యుడి వైపు చూడకూడదు, చంద్రగ్రహణానికి మాత్రం ఏ అద్దాలూ అక్కర్లేదు అని రెండు వాక్యాలు రాసి లింకు పెట్టు. ఆ వారం జనం వెతికేది అదే. ఏ టపాను ఏ సందర్భంలో మళ్లీ బయటికి తీయవచ్చో ఒక కాగితం మీద రాసిపెట్టుకో.

ఎవరు ఎక్కడినుంచి వస్తున్నారో తెలియాలంటే లింకు చివర యూటీఎమ్ గుర్తులు, అంటే ఎక్కడ నొక్కి వచ్చారో గణాంకాలకు చెప్పే చిన్న మాటలు, తగిలించు: ఫేస్‌బుక్‌లో పెట్టేదానికి ఒకటి, వాట్సాప్‌లో పంపేదానికి ఒకటి. లేకపోతే వాట్సాప్ నుంచి వచ్చినవారు గణాంకాల్లో "డైరెక్ట్" అనే గంపలో పడిపోతారు, నీ శ్రమ ఏది ఫలించిందో అర్థం కాదు. రోజూ చూడకు, నెలకోసారి చాలు. చూసేటప్పుడు కూడా వచ్చినవారి సంఖ్య కన్నా తిరిగి వచ్చినవారి సంఖ్య చూడు. లైకుల లెక్క నాకు చెప్పకు, నాకు దానిమీద ఆసక్తి లేదు.

చివరిగా, నువ్వు అడగనిది. ఈ ప్రొఫైళ్లేవీ నీవి కావు. ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్ 2014లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో. అక్కడ కూడబెట్టుకున్న పరిచయాలు చాలామందికి చెల్లాచెదురయ్యాయి. బ్లాగులు చదివేవారు వాడిన గూగుల్ రీడర్ కూడా 2013లో పోయింది. అందుకే ప్రొఫైలు నుంచి వచ్చినవాడిని బ్లాగులో అలాగే వదిలేయకు. టపా చివర, పక్కపట్టీలో కాదు, ఈమెయిల్ చందా పెట్టె ఒకటి పెట్టు. నెలకు ఎన్ని ఉత్తరాలు పంపుతావో అక్కడే చెప్పు, అంతకు మించి పంపకు. వద్దనుకున్నవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి. చందాదారుల జాబితాను అప్పుడప్పుడూ దించుకుని నీ దగ్గర దాచుకో, రేపు ఆ సేవ కూడా మూతపడవచ్చు. కొత్త టపాలను చందాదారులకు చేరవేసే ఫీడ్‌బర్నర్ సేవ ఈమెయిల్ చందాలను 2021లో ఆపేసినప్పుడు జాబితా దించుకున్నవారే నిలిచారు.

ఆ పెట్టె పెట్టగానే కబురు చెయ్యి. నా చిరునామా నేనే అందులో నమోదు చేసుకుంటాను, నాకు వాట్సాప్‌లో లింకులు పంపడం మానెయ్యి. నీ ప్రొఫైలులో వచ్చే పోస్టు మాత్రం శనిగ్రహం వలయాల టపా మీద రాయి. ఆ వలయాలు ఏటవాలుగా కనిపించే కోణం మారుతూ, దాదాపు 15 ఏళ్లకోసారి మనకు అంచు మాత్రమే కనబడుతుందన్న సంగతి ఆ టపాలో ఎక్కడో ఏడో పేరాలో పూడ్చిపెట్టావు. పోస్టు దానితోనే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పెద్దమ్మ