గ్రీన్ ఇంపీరియల్ పీజియన్, పసుపు కాళ్ల పచ్చ పావురం: రెండూ విత్తనాలు వెదజల్లుతాయా?

లేదు. రెండూ చెట్లపై పండ్లు తినే అడవి పావురాలే అయినా, విత్తనాలను బాగా వెదజల్లేది గ్రీన్ ఇంపీరియల్ పీజియన్. పచ్చ పావురం చాలావరకు వాటిని నాశనం చేస్తుంది.

తేడా అంతా కందనకాయలో ఉంది. పచ్చ పావురానిది దళసరి కండరాల కందనకాయ. అది మర్రి, రావి పండ్ల సన్నటి గింజలను కూడా నలిపేస్తుంది, ఆ పిండే దానికి ఆహారం. ఇంపీరియల్ కందనకాయ పలచన, నోరు మాత్రం బాగా సాగుతుంది. పెద్ద పండును కొరకదు, గుటుక్కున మింగేస్తుంది.

అడవి జాజికాయనే చూడండి. గింజను చుట్టుకున్న ఎర్రటి జాపత్రి మాత్రమే ఇంపీరియల్ కడుపులో అరుగుతుంది. గట్టి గింజ చెక్కుచెదరకుండా బయటికొస్తుంది, ఆపాటికి పక్షి తల్లిచెట్టుకు దూరంగా ఎగిరిపోయి ఉంటుంది. అంత పెద్ద గింజను మింగగల పక్షులు అడవిలో తక్కువ, అందుకే ఇది పోతే ఆ చెట్లకే నష్టం.

పండు తినే పక్షులన్నీ చెట్లు నాటుతాయనుకోవడం మామూలు పొరపాటు. పేరులోని పచ్చదనం చూసి రెండూ ఒకటే అనుకునేవారూ ఉన్నారు. ఇంపీరియల్ సుమారు 45 సెంటీమీటర్లు, తల, పొట్ట బూడిదరంగు, వీపు, రెక్కలే మెరిసే పచ్చ. రెండోది దాదాపు 33 సెంటీమీటర్లు, కాళ్లు నిండు పసుపు.