వీధి చివర మోగే సైరన్ ఏ రకమో చెవితో పట్టుకోవడం ఎలా?

డాలస్ శివార్లలో కొత్తగా ఇల్లు తీసుకున్నామని, నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి పరీక్ష కోసం మోగే ప్రమాద హెచ్చరిక సైరన్ ఏ రకమో ఫోన్ రికార్డింగును బట్టి తెలుస్తుందా అని అడిగారు. చాలావరకు తెలుస్తుంది. నేనూ ఈ చుట్టుపక్కలే ఉంటాను. నాకు ఈ పిచ్చి చాలాకాలంగా ఉంది. ఆ బుధవారం ఆ వేళకు మీటింగు పెట్టారంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అందరూ మోత మొదలవగానే చెవులు రిక్కిస్తారు. గుట్టంతా అది ఆగేటప్పుడు బయటపడుతుంది. యాంత్రిక సైరన్‌లో కంతలున్న చక్రమొకటి మోటారుతో గిర్రున తిరుగుతూ, చుట్టూ ఉన్న కంతల గోడ గుండా గాలిని తెగ్గొడుతూ బయటికి నెడుతుంది. ఆ కంతల్నే పోర్టులంటారు. కరెంటు ఆపినా చక్రం వెంటనే ఆగదు కాబట్టి శబ్దం మూలుగుతూ, సాగుతూ నెమ్మదిగా దిగుతుంది. ఎలక్ట్రానిక్ సైరన్‌లో తిరిగేదేమీ లేదు, ఉన్నవన్నీ స్పీకర్లే. అది కూతను అనుకరించగలదు, మాటలూ పలకగలదు, కానీ చాలాసార్లు టక్కున ఆగిపోతుంది. స్తంభం మీద ఇడ్లీ రేకుల స్టాండు లాంటిది కనిపిస్తే అది చాలావరకు సైరన్లు తయారుచేసే ఫెడరల్ సిగ్నల్ వారి మాడ్యులేటర్, అంటే ఎలక్ట్రానిక్ రకం. ఇక చెవితో పనే లేదు.

యాంత్రికమే అని తేలితే, వినిపించేది ఒక స్వరమా, రెండా అన్నది చూడండి. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవారికి ఇక్కడ పండుగే. రెండు స్వరాల సైరన్‌లో ఒకే ఇరుసు మీద రెండు వరుసల పోర్టులుంటాయి. ఒక వరుసలో 10, రెండో వరుసలో 12 ఉంటే కింది స్వరం షడ్జం, పైది సాధారణ గాంధారం. 9, 12 అయితే శుద్ధ మధ్యమం. 8, 12 అయితే అచ్చమైన పంచమం. ప్రచ్ఛన్న యుద్ధకాలపు థండర్‌బోల్ట్ 1000టి సైరన్‌లో 5, 6 ఉంటాయి కనుక అదీ సాధారణ గాంధారమే. మోటారు వేగం పెరిగినా తగ్గినా రెండు స్వరాలూ కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి, మధ్య దూరం మారదు. అందుకే నేను శ్రుతి కంటే ఈ దూరాన్నే నమ్ముతాను.

శ్రుతి మోసం చేస్తుంది. ఫెడరల్ సిగ్నల్ వారి 2001-130 అనే యాంత్రిక సైరన్ మోటారు 48 వోల్టుల బ్యాటరీల మీద నడుస్తుంది. బ్యాటరీ నీరసిస్తే స్వరమూ దిగుతుంది. నేరుగా ఏసీ మీద నడిచే సైరన్‌కు మరో చిక్కు ఉంది. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మన దేశంలో 50. నిమిషానికి సుమారు 3450 చుట్లు తిరిగే మోటారుకు 8 పోర్టుల చక్రం ఉంటే 460 హెర్ట్జ్ వస్తుంది. అదే సైరన్‌ను విజయవాడలో బిగిస్తే 380 దగ్గర ఆగుతుంది. మన మునిసిపాలిటీ సైరన్లు అంత బరువుగా వినిపించడంలో దీని పాత్ర కూడా ఉండవచ్చు.

మీ రికార్డింగులో రెండు స్వరాలు వినిపించినా తొందరపడకండి. పక్క ఊరి సైరన్ కొంచెం వేరే శ్రుతిలో మోగుతున్నా అలాగే అనిపిస్తుంది. మైలు దూరం నుంచి శబ్దం రావడానికి దాదాపు 5 సెకన్లు పడుతుంది. కాబట్టి ఒక స్వరం ముందు, మరొకటి ఆలస్యంగా మొదలైతే అవి రెండు వేర్వేరు సైరన్లే అనుకోవచ్చు. శ్రుతి మారకుండా శబ్దం మాత్రమే పెరిగి, తగ్గి, మళ్ళీ పెరుగుతుంటే సైరన్‌కు చుట్టూ తిరిగే కొమ్ము (హార్న్) ఉన్నదని అర్థం. ఫోన్ తనంతట తాను శబ్దాన్ని సరిదిద్దుతుంది కాబట్టి రికార్డింగులో ఈ హెచ్చుతగ్గులు చదునైపోతాయి. ఇది మాత్రం స్వయంగా వినవలసిందే. శబ్దాలను పరిశీలించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో స్పెక్ట్రోగ్రామ్ తెరిస్తే స్వరాలు గీతలుగా కనిపిస్తాయి. ఎక్కుతూ దిగుతూ ఉండే కూతను కొలవకండి, నిలకడగా మోగే భాగాన్నే తీసుకోండి.

చెవితో తేలకపోతే కాగితాలున్నాయి. నగర పాలక మండలి అజెండాల్లో సైరన్ల కొనుగోలు వివరాలు తరచూ మోడల్ పేరుతో సహా దొరుకుతాయి. గూగుల్ వీధి చిత్రాల్లో పాత సంవత్సరాలకు వెళ్తే, ఇప్పుడున్న దానికి ముందు ఏముండేదో కూడా చూడవచ్చు.

స్తంభం దగ్గరికి వెళ్తే కాలిబాట దాటకండి, కింద ఉన్న పెట్టెను ముట్టుకోకండి. 2017 ఏప్రిల్‌లో ఎవరో రేడియో సంకేతంతో డాలస్‌లోని 156 సైరన్లను అర్ధరాత్రి వేళ మోగించారు. కాబట్టి ఆ పెట్టె దగ్గర తచ్చాడే మనిషిని ఎవరైనా అనుమానంగానే చూస్తారు. పెద్ద సైరన్లు వంద అడుగుల దూరంలో 120 డెసిబెల్స్ దాటుతాయి, చెవులకు ప్రమాదం. మూడు నాలుగు వీధుల అవతల నిలబడితే శబ్దమూ శుభ్రంగా వస్తుంది.

వచ్చే బుధవారం మబ్బు పట్టి ఉంటే పరీక్ష రద్దు చేయవచ్చు, ముందే చూసుకోండి. మోగితే మాత్రం మోత ఆగిందనిపించాక ఇంకో నిమిషం రికార్డింగు ఆపకుండా ఉంచి, ఆ చివరి భాగాన్ని ఇక్కడ పెట్టండి.